పియెతా చూసొచ్చా, కానీ నేను చూసింది మొత్తం మైకెలాంజిలో చేతి పనేనా?

ప్రయాణాలపద్మ:
అందరికీ నమస్తే. పోయిన నెల మా అమ్మని తీసుకుని రోమ్ వెళ్ళొచ్చానండి. సెయింట్ పీటర్స్ బసిలికాలో అడుగు పెట్టగానే కుడివైపు మొదటి చాపెల్‌లోనే (చిన్న ప్రార్థన గది) ఉంది పియెతా, ఇటలీ శిల్పి మైకెలాంజిలో చెక్కిన పాలరాతి శిల్పం. చనిపోయిన క్రీస్తుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మరియమ్మ. అద్దం అవతల, దూరంగా ఉంది, ముందు జనం, అయినా ఎలాగోలా ముందుకి వెళ్ళి ఇరవై నిమిషాలు నిలబడ్డాం. మా అమ్మ గుళ్ళూ గోపురాలూ బాగా తిరిగిన మనిషి, ఊరికే కదలదు, అలాంటిది కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "కొడుకు బరువు కుడిచేత్తో పట్టుకుంది, ఎడమచెయ్యి చూడవే, ఇదిగో నా గతి ఇదీ అని చూపిస్తున్నట్టుంది" అంది. ఆ చెయ్యి అప్పట్నుంచి నా కళ్ళల్లోనే ఉంది.

పక్కన ఒక గైడ్ వేరే గుంపుకి చెప్తుంటే విన్నా, 1972లో ఒకతను సుత్తితో కొట్టాడని, చెయ్యి విరిగిందని, ముక్కు పోయిందని. హోటల్‌కి వచ్చి ఫోటోలు జూమ్ చేసి చేసి చూసా, ఎక్కడా అతుకు కనపడలేదు. సంతోషపడాలో బాధపడాలో తెలీలేదు. మేం ఏడ్చిన ఆ ముఖంలో ఆయన చెక్కింది ఎంత, తర్వాతవాళ్ళు పెట్టింది ఎంత? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రాతివైద్యం:
పద్మ గారు, నేను రాతి శిల్పాల కన్జర్వేషన్ పనిలో ఉన్నా. ఈ పియెతా కేసు మా చదువులో తప్పకుండా వచ్చే పాఠం, కాస్త పెద్దగానే రాస్తా ఓపిగ్గా చదవండి.

21 మే 1972, పెంతెకోస్తు పండుగ ఆదివారం. లాస్లో తోత్ అని హంగేరీలో పుట్టి ఆస్ట్రేలియా వెళ్ళిన జియాలజిస్టు, వయసు 33, ముందున్న కటకటాలు దూకి లోపలికెళ్ళి, నేనే యేసుక్రీస్తుని అని అరుస్తూ జియాలజిస్టులు రాళ్ళు కొట్టే సుత్తితో కొట్టాడు. పదిహేను దెబ్బల దాకా అంటారు. అక్కడున్న యాత్రికులే లాగి పట్టుకున్నారు, వాళ్ళలో అమెరికా నుంచి వచ్చిన బాబ్ కాసిలీ అనే శిల్పి కూడా ఒకడు. ఈలోపే మరియమ్మ ఎడమచెయ్యి మోచేతి దగ్గర విరిగి కిందపడింది, ముక్కు పగిలింది, ఎడమ కనురెప్ప లేచిపోయింది, తల మీది ముసుగు కూడా దెబ్బతింది. చిన్నా పెద్దా కలిపి వందకి పైగా ముక్కలు. ఆ గందరగోళంలో కొందరు ముక్కలు ఏరుకుని జేబులో వేసుకుని వెళ్ళిపోయారు, కొన్ని తర్వాత వెనక్కి వచ్చాయి, కొన్ని రానేలేదు.

రిపేరు వాటికన్ మ్యూజియంల సొంత ల్యాబ్‌వాళ్ళే చేశారు, పైన డైరెక్టర్ దెయోక్లెసియో రెదిగ్ ద కాంపోస్, బ్రెజిల్‌లో పుట్టినాయన. అదృష్టం ఏంటంటే ముందెప్పుడో ఈ శిల్పానికి తీసిపెట్టుకున్న ప్లాస్టర్ అచ్చులు ఉన్నాయి. ప్రతి ముక్కనీ ఆ అచ్చుతో పోల్చి దాని చోటు వెతికారు. దొరికినవి రెజిన్ అనే గట్టి జిగురుతో అతికించారు, దొరకని చోట ఇటలీలోని కరారా గనుల పాలరాయి పొడినే రెజిన్‌లో కలిపి అచ్చు ఆధారంగా పూరించారు. పది నెలలు పట్టింది. 25 మార్చి 1973న మళ్ళీ జనం ముందుకొచ్చింది.

మీ ప్రశ్నకి సూటిగా జవాబంటే, క్రీస్తు దేహం, మరియమ్మ ఒడి, ఆ బట్ట మడతలు, నడుం, ఇవన్నీ దాదాపు మైకెలాంజిలోవే. ముఖంలో కూడా ఎక్కువ భాగం ఆయన చెక్కిన రాయే, విరిగి తిరిగి చేరింది. ముక్కూ కనురెప్పా దగ్గర మాత్రం పూరింపు ఉంది.

ఓరుగల్లు శివ:
మంచి ఇన్ఫర్మేషన్ అన్నా. కానీ నాకొక డౌట్ ఉన్నది. అతుకు కనపడకుండ చేసుడు కరెక్టేనా? మా వేయిస్తంభాల గుడిల విరిగిన బొమ్మలు ఎన్ని ఉన్నయో, చేతులు లేవు, ముక్కులు లేవు, ఎవ్వలూ కొత్త ముక్కు పెట్టలే, మనం అట్లనే చూస్తున్నం, చరిత్రల ఏం జరిగిందో ఆ రాయే చెప్తది. 1972ల కొట్టింది కూడా చరిత్రనే కదా. దాన్ని మాయం చేస్తే రేపటోనికి ఎట్ల తెలుస్తది? పద్మక్కకు గైడు చెప్పకపోతే తెలిసేదే కాదు.

రాతివైద్యం:
శివా, నువ్వడిగింది అప్పుడు ఇటలీలో పెద్దపెద్దోళ్ళే అడిగారు. మూడు దారులు ముందున్నాయి. ఒకటి, విరిగింది విరిగినట్టే ఉంచడం. రెండు, అతికించి అతుకు కనపడేలా వదలడం, దగ్గరికొస్తే ఇది కొత్తది ఇది పాతది అని తెలిసేలా. మూడు, ఏమీ జరగనట్టు పూర్తిగా పూర్వరూపం. ఇటలీలో చెజారే బ్రాందీ లాంటివాళ్ళు నేర్పిన పద్ధతి రెండోదానికి దగ్గర, పూరించిన చోటు దగ్గర్నుంచి చూస్తే గుర్తు పట్టగలగాలి అనేది అక్కడ మూలసూత్రం. నేను చదువుకున్నదీ అదే, నా పనిలో పాటించేదీ అదే. వాటికన్ మాత్రం ఈ ఒక్క శిల్పానికి మూడో దారి పట్టింది.

దానికి కారణం రాయిలోనే ఉంది. మైకెలాంజిలో చేసినవాటిలో ఇంత నున్నగా పాలిష్ పట్టింది ఇంకోటి లేదు. మంచి పాలరాయిలోకి వెలుతురు కొంచెం లోపలికి దిగి తిరిగొస్తుంది, అందుకే చర్మంలా కనపడుతుంది. అలాంటి ముఖం మీద ఒక్క గీత ఉన్నా చూపు నేరుగా దాని మీదకే పోతుంది. తల్లి దుఃఖం పోయి గీతే మిగులుతుంది.

ఫిరంగిపురం వాసి:
నేను కతోలిక కుటుంబంలో పుట్టినవాణ్ణి, కళ గురించి పెద్దగా తెలీదు, కానీ ఇక్కడ ఒక మాట చెప్పాలి. పియెతా ఉన్నది మ్యూజియంలో కాదండి, గుడిలో, బలిపీఠం పైన. మేం దీన్ని శిల్పం అనం, స్వరూపం అంటాం. మా ఇళ్ళల్లో వ్యాకులమాత (దుఃఖంలో ఉన్న మరియమ్మ) పటాల్లో ఉండేది ఈ దృశ్యమే, సిలువ మార్గంలో (క్రీస్తు చివరి ప్రయాణాన్ని ఒక్కో స్థలం దగ్గర ఆగి తలుచుకునే ప్రార్థన) పదమూడో స్థలం దగ్గర మోకాళ్ళూనేటప్పుడు మా నాయనమ్మ తలెత్తి చూసేది ఈ బొమ్మనే, అది మైకెలాంజిలోదని ఆమెకి తెలీను కూడా తెలీదు. అలాంటి తల్లి ముఖానికి ముక్కు లేకుండా వదిలేసి చరిత్ర చూడండి అంటే ప్రార్థన చేసుకునేవాళ్ళ సంగతేంటి శివా? మీ గుడిలో గోడ మీది బొమ్మ వేరు, గర్భగుడిలో మూర్తి వేరు కదా.

ఇంకోటి, తిరిగి తెరిచిన తేదీ 25 మార్చి అని రాశారు చూడండి, అది మంగళవార్త పండుగ, గబ్రియేలు దూత మరియమ్మకి శుభవార్త చెప్పిన రోజు. ఈ తేదీ చదివి నాకు ఒళ్ళు జలదరించింది.

ఉలిచప్పుడు:
మాది ఆళ్ళగడ్డ, మా తాతల కాడి నుంచి శిల్పాల పనే. ఫిరంగిపురం అన్న చెప్పింది నూటికి నూరు నిజం. ఖండిత విగ్రహం పూజకు పనికిరాదంటాం మేము. చిటికెన వేలు కొన విరిగినా ఇంక ఆ మూర్తికి పూజ ఉండదు, కొత్తది చేయాల్సిందే. చివరి రోజు వేలు విరిగి ఆరు నెలల పని పక్కన పెట్టిన సంగతి మా ఇంట్లోనే ఉంది, ఆ రోజు మా నాన్న అన్నం తినలే. వాళ్ళకేమో కొత్తది చేయించుకునే దారి లేదు గదా, చేసినాయన 1564లోనే పోయినాడు. కాబట్టి అతికి నిలబెట్టుకున్నారు. నేనైతే తప్పనను.

మాది నల్లరాయి, గట్టిది. పాలరాయి మెత్తన, ఉలికి సులభంగా లొంగుతాది కానీ గట్టిగా కొడితే కొట్టిన చోట లోపల చితికి తెల్లగా మచ్చ పడతాది. ఆ మచ్చ పాలిష్‌కు పోదు. సుత్తి దెబ్బలకు ఆ ముఖంలో అట్లాంటి మచ్చలు ఎన్ని పడినాయో, వాటిని ఎట్లా సర్దినారో అనేది నాకు ముక్కు కంటే పెద్ద సంగతి.

రాతివైద్యం:
ఉలిచప్పుడు గారు మీరు పట్టుకున్నది అసలైన పాయింట్. రాతిలో స్ఫటికాల మధ్య పట్టు వదిలేస్తుంది, వెలుతురు సరిగ్గా లోపలికి దిగదు, అందుకే తెల్లబడుతుంది. కొత్త పూరింపుకి పాలరాయి పొడినే వాడటానికి ఒక కారణం ఇదే, చుట్టూ ఉన్న రాతిలాగే వెలుగు పట్టుకోవాలి. ఉత్త ప్లాస్టర్ పెడితే శవం ముఖంలా ఉండేది.

ఇప్పుడు పద్మ గారికి ఇంకో సంగతి, వింటే మీ అమ్మగారు ఏమంటారో. మీరిద్దరూ చెప్పుకున్న ఆ ఎడమచెయ్యి ఉంది కదా, దాని నాలుగు వేళ్ళు 1972కి చాలా ముందే పోయాయి. శిల్పాన్ని ఒకచోటు నుంచి ఇంకోచోటుకి మార్చేటప్పుడు విరిగితే 1736లో జుసెప్పె లిరియోని అనే ఆయన కొత్తవి చేసి పెట్టాడు. ఆ వేళ్ళ వాలు మైకెలాంజిలో పెట్టినదేనా, లేక లిరియోని కాలం రుచికి తగ్గట్టు కాస్త నాటకీయం చేశాడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ప్రయాణాలపద్మ:
అయ్యో! ఆ చెయ్యేనా? అమ్మకి ఇప్పుడే చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "చేసినాయన ఎవరైతేనేం, ఆ తల్లి బాధ అర్థం చేసుకునే చేశాడు" అంది. నాకు మాత్రం ఇంకా మింగుడు పడట్లేదు, నిజం చెప్తున్నా. నేను రోమ్ వెళ్ళింది మైకెలాంజిలో కోసం.

అన్నట్టు అమ్మ అక్కడే ఇంకో ప్రశ్న అడిగింది, తల్లి అంత చిన్నపిల్లలా ఉందేంటి, కొడుకు కంటే చిన్నదానిలా ఉంది అని. దీనికి కూడా ఎవరైనా చెప్పండి.

ఫిరంగిపురం వాసి:
ఈ ప్రశ్న ఆయన బతికుండగానే అడిగారట పద్మ గారు. శిష్యుడు కొండివి ఆయన జీవితచరిత్ర రాస్తూ జవాబు కూడా రాశాడు. నిర్మలంగా బతికిన స్త్రీలు తొందరగా వాడిపోరు, పాపం అంటని కన్యమరియమ్మ ఇంకెలా ఉంటుంది అని మైకెలాంజిలోనే అన్నాడట. మాకు ఇది కొత్త కాదు, మేం చిన్నప్పట్నుంచీ విన్నదే.

రాతివైద్యం:
ఇంకో చిత్రం, పెద్ద మగవాణ్ణి ఒక స్త్రీ ఒళ్ళో పెడితే మామూలుగా ఎబ్బెట్టుగా ఉండాలి. ఆయన మరియమ్మ ఒడిని, మోకాళ్ళ దగ్గర బట్టని విపరీతంగా పెంచేశాడు, ఆమె లేచి నిలబడితే క్రీస్తు కంటే చాలా పెద్ద మనిషి అవుతుంది. కిందకొచ్చేకొద్దీ వెడల్పయ్యే ఆ మడతల్లో అది తెలీదు. ఎత్తు 174 సెంటీమీటర్లు, వెడల్పు 195, అంటే ఎత్తు కంటే వెడల్పే ఎక్కువ. ఇది చేసేనాటికి ఆయనకి పాతికేళ్ళు కూడా నిండలేదు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన కార్డినల్ జాన్ ద బిలేర్ తన సమాధి దగ్గర పెట్టడానికి చేయించుకున్నాడు, 27 ఆగస్టు 1498న ఒప్పందం, 450 బంగారు డుకాట్లు. రోమ్‌లో ఇంతకంటే అందమైన పాలరాతి పని ఉండదు అని యాకొపొ గల్లి మధ్యవర్తిగా పూచీ పడ్డాడు. ఏడాది తిరిగేసరికి 1499లో కార్డినల్ చనిపోయాడు.

ఓరుగల్లు శివ:
మరి పేరు చెక్కిండు కదా దాని మీద? ఛాతీ మీద పోయే పట్టీ మీద.

రాతివైద్యం:
అవును, ఆయన సంతకం పెట్టిన ఒకే ఒక్క శిల్పం. వేరే ఊరోళ్ళు వచ్చి చూస్తూ ఇది మా మిలాన్ శిల్పి చేశాడు అనుకుంటుంటే విని, రాత్రికి దీపం పట్టుకుని వెళ్ళి చెక్కాడని, కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పిన కథ. కథ సంగతి ఎలా ఉన్నా నాకు ఇష్టమైంది ఆ లాటిన్ క్రియాపదం. చేశాడు అని కాదు, "చేస్తూ ఉన్నాడు" అని ఉంటుంది. పాత గ్రీకు కళాకారులు అలా రాసేవాళ్ళని ప్రాచీన రోమన్ రచయిత ప్లీనీ రాశాడు, పని ఇంకా పూర్తి కాలేదు అని వినయంగా చెప్పడం అన్నమాట.

ఓరుగల్లు శివ:
సరే అన్నా, పూజ మాట నిజమే, ఒప్పుకున్న. కానీ నా మాట మొత్తం తీసేయకుండ్రి. అతుకు కనపడకుండ చేసినప్పుడు కనీసం పక్కన ఒక బోర్డు పెట్టాలె, ఏ భాగం ఏంది అని. మనిషికి తెలిసి ఏడ్చుడు వేరు, తెల్వక ఏడ్చుడు వేరు. పద్మక్క బాధ అదే అనుకుంట.

ప్రయాణాలపద్మ:
అవును శివా, అదే. నాకు చెప్పి ఉంటే ఇంకా ఎక్కువ సేపు చూసేదాన్ని.

ఉలిచప్పుడు:
పగిలింది పగిలినట్టే ఉండే పియెతా కూడా ఆయనదే ఇంకోటి ఉంది గదా, ఫ్లోరెన్స్‌లో? మా నాన్న దగ్గర ఫోటో ఉండాది. ముసలాయన ఒకడు వెనక నిలబడి ఉంటాడు.

రాతివైద్యం:
ఉంది! బందీని పియెతా అంటారు, ఫ్లోరెన్స్ కెథెడ్రల్ మ్యూజియంలో. డెబ్భై దాటాక తన సమాధి కోసమని మొదలుపెట్టాడు, వెనక నిలబడ్డ ఆ ముసలాయన నికోదేము, బైబిల్లో క్రీస్తుని సమాధి చేయడానికి సాయపడ్డాయన, ముఖం మాత్రం మైకెలాంజిలోదే. 1555 ప్రాంతంలో ఆయనే సుత్తి తీసుకుని కొట్టేశాడు. ఆయన అలా ఎందుకు చేశాడో వసారి రాస్తూ, రాయి గట్టిగా ఉండి లోపల ఏదో ఉన్నట్టు ఉలి తగిలినప్పుడల్లా నిప్పురవ్వలు లేచేవి అన్నాడు. దాన్ని ఫ్రాంచెస్కో బందీని అనే ఆయన తీసుకున్నాడు, శిష్యుడు తిబేరియో కల్కాన్యి అతికించాడు. క్రీస్తు ఎడమకాలు ఈరోజుకీ లేదు, ఎవరూ పెట్టలేదు.

2019 నవంబర్ నుంచి 2021 దాకా దానికి పెద్ద క్లీనింగ్ జరిగింది, జనం చూస్తుండగానే. 1720ల నుంచి 1933 దాకా అది కెథెడ్రల్‌లో ప్రధాన బలిపీఠం వెనక ఉంది, రెండొందల ఏళ్ళ కొవ్వొత్తుల మైనం, పొగ, దుమ్ము. దానికి తోడు 1882లో అచ్చు తీసినప్పుడు ప్లాస్టర్ అంటుకుని రాయి పాలిపోతే, ఆ తెలుపు కప్పడానికి మైనాలు పూశారు, అవి ముదిరి పసుపు గోధుమరంగు. అదంతా డీఅయొనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్ళలో తడిపిన దూదితో కొంచెం కొంచెంగా తీశారు. గట్టి మైనం చుక్కలు సర్జన్ కత్తితో. అప్పుడు బయటపడింది ఏంటంటే రాయి కరారాది కాదు, సెరవెజ్జా గనిది, అందులో పైరైట్ అనే మెరిసే ఖనిజం ఉంది, లోపల సన్నటి పగుళ్ళు కూడా.

ఉలిచప్పుడు:
పైరైట్! మేం దాన్ని రాతిలో మెరుపు పడింది అంటాం. ఉలి తగిలితే నిప్పు లేస్తాది, ఉలి మొన పోతాది. పని సగంలో ఉండగా పగులు కనపడితే ఎట్లుంటుందో నాకు తెలుసు. వసారి రాసింది అక్షరాలా నిజమన్నమాట. ఇది చదివినంక ఆయన ఊరికే కోపంతో కొట్టినాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎనభై ఏళ్ళ చేతులకు రాయి ద్రోహం చేసింది.

ఓరుగల్లు శివ:
ఇది నాకు నచ్చింది. దాన్ని అట్లనే ఉంచిండ్రు ఎందుకంటే విరగ్గొట్టింది చేసినాయననే. రోమ్‌ది విరగ్గొట్టింది పరాయోడు. అందుకే రెండింటికి రెండు తీర్లు. ఇప్పుడు సమజైంది.

ఫిరంగిపురం వాసి:
"పరాయోడు" అన్న మాట దగ్గర ఒక విన్నపం. ఆ మనిషికి మానసిక అనారోగ్యం ఉంది, కోర్టు కూడా జైలుకి కాదు ఆస్పత్రికి పంపింది, రెండేళ్ళ తర్వాత 1975లో ఆస్ట్రేలియా పంపించేశారు. ఆయన్ని తిట్టొద్దు, అలాగని పేరు పదేపదే రాసి ప్రసిద్ధుణ్ణి కూడా చేయొద్దు. ఈ చర్చలో ఒకసారి వచ్చింది చాలు.

అద్దం గురించి పద్మ గారు రాశారు కదా, ఆ దాడి తర్వాతే పెట్టారు. మా విచారణ (చర్చి పరిధి) ఫాదర్ గారు చదువు కోసం రోమ్‌లో ఉండి వచ్చారు, కొత్త అద్దంలో ఇదివరకటి కంటే చాలా స్పష్టంగా ఉంది అన్నారు.

రాతివైద్యం:
అవును, కతోలికుల 2025 జూబిలీ సంవత్సరానికి ముందు 2024 నవంబర్‌లో మొత్తం మార్చారు. పద్మ గారు మీరు చూసింది ఆ కొత్త అద్దంలోంచే. దూరం మాత్రం తగ్గదండి, జూబిలీ ఏడాదిలో తెరిచే పవిత్ర ద్వారం పక్కనే ఉంది, అప్పుడు ఎంత జనం నడుస్తారో ఊహించండి. ఊపిరి తేమ, దుమ్ము, చేతి జిడ్డు, ఇవన్నీ సుత్తి కంటే నెమ్మదిగా పనిచేసే శత్రువులు. 1964లో ఇదే శిల్పాన్ని ఓడలో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌కి పంపారంటే నాకు ఇప్పటికీ గుండె దడ. కదిలే నడకదారి మీద జనాన్ని నిలబెట్టి దాని ముందు నుంచి పంపించారు, కోట్లమంది చూశారు, క్షేమంగానే తిరిగొచ్చింది. ఈరోజు ఎవరైనా అడిగితే మా వృత్తిలో ఒక్కడు కూడా సంతకం పెట్టడు.

ఫిరంగిపురం వాసి:
రాతివైద్యం గారు, మీరు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా గుడిలో పాలరాతి మరియమాత స్వరూపం ఒకటి ఉంది, ముత్తాతల కాలంది. పండుగకి ముందు ఆడవాళ్ళు చింతపండు, నిమ్మకాయ పెట్టి తోముతారు, తెల్లగా వస్తుందని. పాదాల దగ్గర మైనం కూడా పేరుకుంది. ఇది మంచిదేనా?

రాతివైద్యం:
వెంటనే ఆపించండి దయచేసి!! చింతపండు ఇత్తడికి, రాగికి. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్, పులుపు ఏది తగిలినా కరుగుతుంది. మీకు తెల్లగా కనపడేది శుభ్రపడటం కాదు, పై పొర పోయి గరుకు తేలటం. నాలుగైదు పండుగలు అయ్యేసరికి ముఖంలో గీతలు పోతాయి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కూడా వద్దు. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి, అంతే. మైనం కత్తితో గీకొద్దు, నాకు ఫోటోలు మెసేజ్ చేయండి, చూసి చెప్తా. కొవ్వొత్తుల స్టాండు మాత్రం రేపే నాలుగడుగులు ముందుకి జరిపించండి.

ఫిరంగిపురం వాసి:
ఫాదర్ గారికి ఇప్పుడే ఫోన్ చేశా. ఆదివారం పూజ అయ్యాక స్టాండు జరుపుతాం అన్నారు. మా పెద్దమ్మ వాళ్ళకి చింతపండు సంగతి చెప్పడమే కష్టం, వాళ్ళు ప్రేమతో చేసేది అది. నెమ్మదిగా చెప్తా. ఫోటోలు పంపిస్తా.

ఉలిచప్పుడు:
పద్మక్కా, ఆ ఎడమచెయ్యి ఫోటో పెద్ద సైజుది ఉంటే పెట్టు. 1736లో పెట్టిన వేళ్ళు, 1972లో అతికిన మోచెయ్యి, రెండూ ఒకే చేతిలో ఉండాయి గదా, వేళ్ళ మొదట్లో ఏమన్నా తేడా కనపడుతుందేమో చూడాలంటున్నాడు మా నాన్న.

ప్రయాణాలపద్మ:
నాలుగు పెట్టా తమ్ముడూ, రెండోది కాస్త బాగుంది. మూడోదాంట్లో ఎవరిదో తల అడ్డం వచ్చింది. అమ్మేమో డిసెంబర్‌లో ఫ్లోరెన్స్ కూడా తీసుకెళ్ళు, ఆ కాలు లేనిది చూడాలి అంటోంది. టికెట్లు చూస్తున్నా.